మ్యూనిక్ నుంచి లిస్బన్‌కి, రెండో వరసలో

ఫ్రాంక్‌ఫర్ట్,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి అదే ఆలోచన. అమ్మానాన్నల్ని లిస్బన్ తీసుకెళ్తున్నావు, అదీ నీ జీతంతో, బిజినెస్ క్లాసులో. ఆర్టీసీలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళందరికీ ముందు సీట్లు చూసిపెట్టిన మనిషి మా అన్నయ్య. ఆయనకి కూతురు ముందు సీటు కొంటోందంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. వదిన పక్కనే ఉందని ఫోన్లో అన్నీ విప్పి చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

మొట్టమొదట ఒక మాట. వాళ్ళకి చెప్పకుండా విమానం ఎక్కేదాకా దాచి ఆశ్చర్యపరుద్దామన్నావు చూడు, అది వద్దు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చేటప్పుడు వాళ్ళు తమ సీట్లకి వెళ్తూ బిజినెస్ క్లాసు చూశారు. మంచంలా వాలే సీట్లు, దుప్పట్లు, ఒక్కొక్కరికీ గదిలాంటి చోటు. బిజినెస్ అంటే అన్నయ్య మనసులో ఉన్న బొమ్మ అదే. యూరప్ లోపల తిరిగే విమానాల్లో అది ఉండదు. మీరెక్కేది ఎయిర్‌బస్ 320 రకం. అటు మూడు, ఇటు మూడు సీట్లు, ముందు నుంచి వెనకదాకా ఒకే రకం. ముందు కొన్ని వరసల్లో మధ్య సీటు ఖాళీగా ఉంచుతారు, అంతే. మన బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టనుకో. ఆ వరసల వెనక ఒక కర్టెన్ ఉంటుంది. ఆ రోజు ఎన్ని బిజినెస్ టికెట్లు అమ్ముడుపోతే అంత వెనక్కి జరుపుతారు, తక్కువైతే ముందుకి తెస్తారు. కాళ్ళ దగ్గర జాగా కూడా చాలా విమానాల్లో వెనక వరసలకంటే పెద్దగా ఎక్కువుండదు. ఇదంతా ముందే చెబితే అన్నయ్య హాయిగా కూర్చుంటాడు. చెప్పకపోతే 'పిల్ల డబ్బు పోసి మోసపోయింది' అని మూడు గంటలూ లోపల్లోపల బాధపడతాడు. ఆయన సంగతి నాకు తెలుసు.

మరి ఎందుకు కొనడం అంటావా? ఇరవై ఆరేళ్ళుగా ఈ ఖండంలో తిరిగిన మనిషిగా చెబుతున్నా. ఇక్కడ బిజినెస్ టికెట్‌తో కొనుక్కునేది గాల్లో సీటు కాదు, నేల మీద నెమ్మది. క్యూలో నిలబడకపోవడం, కూర్చోవడానికి చోటు, పెట్టెల బరువు, ఏదైనా తేడా వస్తే మన మాట వినే మనిషి. నువ్వొక్కదానివే వియన్నాకో జ్యూరిచ్‌కో వెళ్తే గంట ప్రయాణానికి వీటితో పనిలేదు, ఆ డబ్బు దాచుకో. వదిన మోకాళ్ళతో మూడు గంటల పైచిలుకు ప్రయాణమంటే మాత్రం పనికొస్తుంది. నా లెక్క ఒకటి చెబుతా. ఎకానమీ టికెట్ ధరకి పెట్టె ఛార్జీ, సీటు ఎంచుకునే ఛార్జీ, ఎయిర్‌పోర్టులో తిండి ఖర్చు కలుపు. ఆ మొత్తానికీ బిజినెస్ ధరకీ మధ్య తేడా మనిషికి వంద యూరోల లోపుంటే నేను పెద్దవాళ్ళకి కళ్ళు మూసుకుని కొనేస్తాను.

రెండు వైపులా కొనడానికి డబ్బు చాలకపోతే తిరుగు ప్రయాణానికే కొను. అందరూ వెళ్ళేటప్పుడు దర్జాగా వెళ్ళాలనుకుంటారు. వెళ్ళేటప్పుడు పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరతారు, బిజినెస్ వాళ్ళ కోసం ఎయిర్‌పోర్టులో ఉండే విశ్రాంతి గది, అదే లాంజ్, అందులో అరగంట కూడా కూర్చోరు. తిరిగొచ్చే రోజు అలా కాదు. మధ్యాహ్నానికల్లా హోటల్ గది ఖాళీ చెయ్యాలి, విమానం సాయంత్రం. లిస్బన్ అంతా ఎత్తుపల్లాలు, రాళ్ళు పరిచిన వీధులు. నాలుగు రోజులు తిరిగి అలిసిపోయిన మోకాళ్ళు. ఆ పూట మెత్తటి కుర్చీ, శుభ్రమైన బాత్రూమ్, వేడి టీ దొరకడమే అసలు భోగం. కొన్ని లాంజ్‌ల్లో విమానానికి మూడు గంటల ముందు నుంచే రానిస్తారు, ఆ సంగతి కనుక్కుని బయల్దేరు.

ఇక సీట్లు. బిజినెస్‌లో సీటు ఎంచుకోవడానికి మామూలుగా విడిగా డబ్బు తీసుకోరు కాబట్టి ఇవాళే చూసుకో. మొదటి వరస ఖాళీగా కనిపిస్తే ఆశపడకు. అక్కడ ముందు గోడే ఉంటుంది, కింద సంచి పెట్టుకునే వీల్లేదు. టేకాఫ్‌కి ముందు ప్రతి సంచీ పైన పెట్టించేస్తారు. మీ మావయ్య ఆపరేషన్ అయ్యాక ఏథెన్స్ వెళ్ళినప్పుడు నాకిదే జరిగింది. మందుల సంచి పైన ఉండిపోయింది, సీటు బెల్టు లైటు ఎంతకీ ఆరలేదు, ఆయనకి మందు వేళ దాటిపోతుంటే నేను చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను. పైగా మొదటి వరసలో ట్రే చేతికింద ఇరుక్కుని ఉంటుంది. దాన్ని లాగి విప్పడం వదిన వల్ల కాదు. రెండో వరస తీసుకో. సంచి కాళ్ళ దగ్గరే ఉంటుంది, ముందు బాత్రూమ్ నాలుగడుగులు. మధ్య సీటు ఖాళీ కాబట్టి వాళ్ళిద్దరి మధ్య ఒక సీటు ఎడం వస్తుంది. అక్కడ కళ్ళజోడు, మందులు, వదిన శాలువా పెట్టుకోవచ్చు.

వీల్‌చెయిర్ సంగతి ఇంకా ముఖ్యం. దీనికీ బిజినెస్‌కీ సంబంధం లేదు. యూరప్‌లో 1107/2006 నిబంధన ప్రకారం నడవలేని వాళ్ళకి సాయం ఏ క్లాసులోనైనా ఉచితం. ప్రయాణానికి 48 గంటల ముందు విమాన సంస్థకి చెప్పాలి. చెప్పేటప్పుడు 'వీల్‌చెయిర్ కావాలి' అని ఊరుకోకు. ఎక్కువ దూరం నడవలేరా, మెట్లు ఎక్కలేరా అన్నది విడిగా చెప్పాలి. మెట్లెక్కగలిగే వాళ్ళని డబ్ల్యూ సి హెచ్ ఆర్ అని రాస్తారు, మెట్లెక్కలేని వాళ్ళని డబ్ల్యూ సి హెచ్ ఎస్ అని. వదినకి రెండోదే రాయించు. విమానం దూరంగా ఆగి బస్సులో తీసుకెళ్ళే రోజుంటుంది చూడు, ఆ రోజు బిజినెస్ వాళ్ళూ ఎకానమీ వాళ్ళూ ఒకే బస్సులో నిలబడాలి, తర్వాత మెట్లెక్కాలి. వదినని అలా రాయిస్తే లిఫ్టు ఉన్న బండి వచ్చి నేరుగా విమానం తలుపు దగ్గర దించుతుంది. 'నేనేం ముసలిదాన్నా' అని వదిన మొరాయిస్తుంది. గుంటూరు బస్టాండులో కూడా ఎవరి చెయ్యీ పట్టుకోని మనిషి. నువ్వు వాదించకు. ముందే రాయించేసి, 'గేటు చాలా దూరమమ్మా, వాళ్ళ బండిలో వెళ్దాం' అను.

తిండి దగ్గర జాగ్రత్తగా ఉండు. మూడు గంటల ప్రయాణానికి బిజినెస్‌లో భోజనం పెడతారు, కానీ శాకాహారం దానంతటదే రాదు. బుకింగ్‌లోకి వెళ్ళి ఏ వి ఎమ్ ఎల్ అని ఉంటుంది, భారతీయ శాకాహారం, అది వదినకి పెట్టు. ప్రయాణానికి 24 గంటల ముందే పెట్టాలి, నువ్వైతే రెండు రోజుల ముందే చూసుకో. వి జి ఎమ్ ఎల్ నొక్కకు. అందులో పాలూ పెరుగూ ఉండవు, వదిన పెరుగు లేనిదే భోజనం అయినట్టు ఒప్పుకోదు. లాంజ్‌లో సూప్ కూరగాయలదే అని రాసి ఉన్నా మాంసం ఉడికించిన నీళ్ళు పోశారేమో అడిగి తెలుసుకో. ఎందుకైనా మంచిది, కాస్త పులిహోర కట్టుకెళ్ళు, సెక్యూరిటీలో ఏమీ అనరు. ఆవకాయ, పెరుగు మాత్రం వాళ్ళ లెక్కలో ద్రవాల కిందికొస్తాయి, 100 మిల్లీలీటర్ల డబ్బా దాటితే చాలాచోట్ల చెత్తబుట్టలోకే. ఆ సీసా పెద్ద పెట్టెలో పెట్టు. లుఫ్తాన్సా విమానాల్లో బిజినెస్ టికెట్‌కి మామూలుగా మనిషికి 32 కిలోల పెట్టెలు రెండు, చేతిలో 8 కిలోలవి రెండు ఇస్తారు. ముగ్గురికీ కలిపితే ఇల్లంతా సర్దుకోవచ్చు. అయినా మీ టికెట్ మీద ఏం రాసి ఉందో చూసుకో.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఆ ఏథెన్స్ ప్రయాణంలోనే తిరిగొచ్చేటప్పుడు విమానం మారింది. చిన్నది వేశారు, కర్టెన్ ముందుకి జరిగింది, మమ్మల్ని తొమ్మిదో వరసకి పంపారు. కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ 'లాంజ్ ఉందిగా, భోజనం కూడా మీకు ముందువాళ్ళదే ఇస్తాం' అంది. నేను సరేనన్నాను. మీ మావయ్య కుట్ల నొప్పితో మధ్య సీటులో కూర్చున్నారు. ఇంటికొచ్చాక తెలిసింది, యూరప్‌లో విమాన ప్రయాణికుల హక్కుల గురించిన 261/2004 నిబంధన 10వ అధికరణం ప్రకారం కింది తరగతికి మారిస్తే డబ్బు తిరిగివ్వాలని. 1500 కిలోమీటర్ల లోపైతే ఆ ప్రయాణం టికెట్ ధరలో 30 శాతం, యూరోపియన్ యూనియన్ లోపల అంతకంటే దూరమైతే 50 శాతం. అదీ ఏడు రోజుల్లో. మ్యూనిక్ నుంచి లిస్బన్ 1500 దాటుతుంది, కాబట్టి మీకు సగం. నాకు మొదట వోచర్ పంపారు. మనం సంతకం పెట్టి ఒప్పుకుంటే తప్ప వోచర్‌తో సరిపెట్టకూడదని అందులోనే ఉంది. నాలుగు నెలలు వెంటపడి డబ్బే తీసుకున్నాను. అప్పుడు నాకు పనికొచ్చింది ఒక్కటే, పాత బోర్డింగ్ పాస్‌నీ కొత్తదాన్నీ రెండిటినీ పారెయ్యకపోవడం. నువ్వు ఫోన్లో ఫోటో తీసి పెట్టుకో.

ఆలస్యానికి ఇచ్చే పరిహారం వేరు, అది ఏ క్లాసుకైనా ఒకటే. మీ దూరానికి విమాన సంస్థ తప్పువల్ల మూడు గంటలో అంతకన్నా ఎక్కువో ఆలస్యంగా చేరితే మనిషికి 400 యూరోలు. వాతావరణం వల్లయితే ఆ పరిహారం రాదు, కానీ తిండీ, రాత్రి ఉండాల్సొస్తే హోటలూ వాళ్ళే చూడాలి. 2023 డిసెంబర్ మొదట్లో మంచుకి మ్యూనిక్ ఎయిర్‌పోర్టు మూతపడ్డప్పుడు నేనక్కడే ఉన్నాను. బయట కౌంటర్ల ముందు క్యూ కనుచూపు దాటిపోయింది, జనం నేల మీద కూర్చున్నారు. లాంజ్‌లో డెస్క్ దగ్గర నా ముందు పదిమందే. అక్కడి పెద్దావిడ నన్ను రెండు రోజుల తర్వాతి విమానంలోకి మార్చి, కాగితం మీద రాసి చేతికిచ్చింది. అలాంటిదేమైనా జరిగితే నాన్నని బయట క్యూలో నిలబెట్టకు, నేరుగా లాంజ్ డెస్క్‌కి వెళ్ళు.

పాస్‌పోర్టులు చేతిలోనే పెట్టుకోండి. జర్మనీ నుంచి పోర్చుగల్‌కి తనిఖీ ఉండదంటారు గానీ అప్పుడప్పుడు అడుగుతారు.

రెండో వరసలో ఎడమ కిటికీ సీటు, ఎ, వదినకివ్వు. సి అన్నయ్యకి. నడవ దాటితే డి, అది నీది. మ్యూనిక్‌లో లేచిన కాసేపటికి మబ్బు లేకపోతే ఎడమవైపు ఆల్ప్స్ కనిపిస్తాయి, మంచుతో తెల్లగా, చాలాసేపు. అప్పుడు నాన్నని మధ్య సీటులోకి జరగమను. అది మీరు డబ్బిచ్చి ఖాళీగా ఉంచుకున్న సీటే, ఎవరూ ఏమీ అనరు. ఇద్దరూ ఒకే కిటికీలోంచి చూస్తుండగా ఒక ఫోటో తీసి నాకు పంపు.

నీ మేనత్త