చర్చలో గెలుపు, ఓట్లలో గెలుపు

కావలి

అమ్మాయీ,

నీ వ్యాసం నిదానంగా చదివాను. అమెరికా అధ్యక్షుణ్ణి టీవీ చర్చలే తేలుస్తాయన్నది నీ వాదం. 1960 సెప్టెంబర్ 26న షికాగో స్టూడియోలో అధ్యక్ష అభ్యర్థులు కెన్నెడీ, నిక్సన్ చర్చకు నిలబడ్డ పేరా చదువుతుంటే నిక్సన్ మొహం మీది చెమట నాక్కూడా కనపడింది. అంత బాగా రాశావు కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. కళ్లకు కట్టేట్టు రాసేవాళ్లను పాఠకులు ఇట్టే నమ్ముతారు. ఆ నమ్మకం చేతికొచ్చాక, ఒకదానికి ఇంకొకటి కారణమని తేల్చే ముందు కలం కాసేపు ఆగాలి.

కెన్నెడీ తెర మీద వెలిగాడు, నిక్సన్ పాలిపోయి కనపడ్డాడు, కెన్నెడీ గెలిచాడు. ఇదీ నీ వరస. మొదటి రెండూ నిజమే. మోకాలికి దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉండొచ్చిన నిక్సన్ చిక్కిపోయి ఉన్నాడు, సరైన మేకప్ కూడా వద్దన్నాడు. దాదాపు 7 కోట్ల మంది చూశారు. అయితే ఆ ఎన్నికల్లో పోలైన 6 కోట్ల 88 లక్షల ఓట్లలో ఇద్దరి మధ్యా తేడా 1,10,000 పైచిలుకు మాత్రమే. తేడా అంత సన్నగా ఉన్నప్పుడు దేన్ని పట్టుకున్నా అదే గెలిపించినట్టు కనపడుతుంది. ఆ ఏడాది వచ్చిన మాంద్యం, క్యాథలిక్కుల ఓట్లు, టెక్సాస్‌ను నిలబెట్టిన కెన్నెడీ ఉపాధ్యక్ష అభ్యర్థి లిండన్ జాన్సన్, మార్టిన్ లూథర్ కింగ్ జైల్లో ఉండగా ఆయన భార్యకు కెన్నెడీ చేసిన ఫోన్, వీటిలో ఒక్కోదాన్నీ ఒక్కొక్కరు అసలు కారణమన్నారు. నీ వ్యాసంలో ఇవేవీ లేవు.

రేడియోలో విన్నవాళ్లు నిక్సనే గెలిచాడన్నారని కూడా రాశావు. ప్రపంచమంతా చెప్పుకునే ముచ్చట అది. దాని వెనకున్న సర్వేలో రేడియో విన్నవాళ్లు 300 మంది కూడా లేరు. వాళ్లలో ముందునుంచీ నిక్సన్ వైపు ఉన్నవాళ్లెందరో ఎవరూ లెక్క తీయలేదు. 1987లో వాన్సిల్, పెండెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సంగతులన్నీ బయటపెట్టారు. అందరూ చెప్పే కథ దొరికినప్పుడు అది మొదట ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుకు. ఈ పనికి ఓపిక కావాలి, నీకు ఉంది.

ఆ తర్వాత 1964, 1968, 1972 ఎన్నికల్లో అసలు అధ్యక్ష చర్చలే జరగలేదు. చివరి రెండిట్లో నిక్సన్ చర్చకు రానన్నాడు, రెండూ గెలిచాడు. 1972లో అయితే 49 రాష్ట్రాలు ఆయనవే. ఇటు చర్చలు జరిగిన ఏళ్లు చూడు. 2004 మొదటి చర్చ కెర్రీదే అన్నారు, గెలిచింది బుష్. 2012లో డెన్వర్‌లో రామ్నీ గెలిచాడని గాలప్ సర్వేలో 72 శాతం మంది చెప్పారు, ఒబామాకు 20 శాతమే. నెల తిరిగేసరికి 332 ఎలక్టోరల్ ఓట్లతో (రాష్ట్రాలవారీగా వచ్చే, అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్లివి) ఒబామా మళ్లీ అధ్యక్షుడు. 2016లో మూడు చర్చలూ హిల్లరీవే అన్నాయి సర్వేలు, గెలిచింది ట్రంప్. 2024 సెప్టెంబర్ 10న ఫిలడెల్ఫియాలో హ్యారిస్‌దే పైచేయి అని చూసినవాళ్లలో 63 శాతం మంది అన్నారు. మనకప్పుడు మర్నాడు పొద్దున ఆరున్నర. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లల్లో ఇక్కడ కావలిలోనూ, ఒంగోలులోనూ కాఫీ తాగుతూ చూశారు. నవంబర్‌లో ట్రంప్‌కు 312 ఎలక్టోరల్ ఓట్లు, హ్యారిస్‌కు 226.

లె పెనెక్, పోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు 10 దేశాల్లో 62 ఎన్నికలు, 56 టీవీ చర్చలు తీసుకుని లెక్క చూశారు. ఆఖరి రెండు నెలల్లో మనసు మార్చుకునే ఓటర్లు గట్టిగానే ఉన్నారు. చర్చ ముందూ తర్వాతా పోల్చి చూస్తే మాత్రం, చర్చ వల్ల ఆ మార్పు ఎక్కువైన జాడ కనపడలేదు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. రాత్రిపూట గంటన్నర కూర్చుని చూసేవాళ్లలో ఎక్కువమంది ముందే ఒక వైపు తేల్చుకున్నవాళ్లు. తమవాడి తడబాటు వాళ్ల చెవికెక్కదు. పైగా సెప్టెంబర్, అక్టోబర్ నెలలొచ్చేసరికి ఉద్యోగాలు, ధరలు, పార్టీ అభిమానం తమ పని చేసేసి ఉంటాయి.

అట్టాగని చర్చలకు ఏ బలమూ లేదని రాసెయ్యకు. అదీ తొందరపాటే. నీ వాదానికి అన్నిటికన్నా బలమైన ఉదాహరణలు నువ్వే వదిలేశావు. 1980లో అప్పటి అధ్యక్షుడు కార్టర్, ఆయన మీద పోటీకి దిగిన రీగన్ ఒక్కసారే ఎదురుపడ్డారు, పోలింగ్‌కు సరిగ్గా వారం ముందు. నాలుగేళ్ల కిందటికన్నా మీ బతుకు బాగుందా అని రీగన్ అడిగాడు. ఆ వారంలోనే పోటీ రీగన్ వైపు ఒరిగింది. దాని పక్కనే ఇరాన్‌లో ఏడాదిగా బందీలుగా ఉన్న అమెరికన్లనూ, 13 శాతం దాటిన ద్రవ్యోల్బణాన్నీ పెట్టాలి. రీగన్ ప్రశ్న తగిలింది జనం జేబులో అప్పటికే ఉన్న నొప్పికి.

1976 ఇంకా లోతైంది. తూర్పు యూరప్ మీద సోవియట్ పెత్తనం లేదని అప్పటి అధ్యక్షుడు ఫోర్డ్ చర్చలో అన్నాడు. నిజానికి ఆ పెత్తనం అప్పుడు ఉంది. చర్చ ముగిసిన రాత్రి సర్వేలు ఆయన్ని ఓడించలేదు. తర్వాతి రోజుల్లో పత్రికలు, టీవీలు ఆ ఒక్క మాటనే మళ్లీ మళ్లీ వినిపించాక ఫోర్డ్ ఓడాడన్నవాళ్లు పెరిగారు. చూసినవాళ్లకు తట్టని తప్పు, చెప్పగా చెప్పగా తప్పయింది. నీకు కథ కావాలంటే ఆ నాలుగు రోజుల్లో ఉంది.

ఇక 2024 జూన్ 27, అట్లాంటా. ట్రంప్‌తో చర్చలో అప్పటి అధ్యక్షుడు బైడెన్ తడబడ్డాడు, జులై 21న పోటీ నుంచే తప్పుకున్నాడు. చర్చ ప్రభావం ఇంత సూటిగా కనపడిన సందర్భం మరొకటి నాకు తెలియదు. అయితే అది జూన్‌లో జరిగింది. పార్టీ మహాసభ ఇంకా ఆగస్టులో ఉంది కాబట్టి అభ్యర్థిని మార్చే వీలుంది. ఆ రాత్రి మొదటగా కదిలింది పార్టీ పెద్దలూ, విరాళాలిచ్చేవాళ్లూ. సాధారణ ఓటరు అంతగా కదల్లేదు. చర్చ ఎవరిని కదిలించింది అన్న ప్రశ్న వేసుకుంటే నీ వ్యాసం ఇప్పుడున్నదానికన్నా చాలా పెద్దదవుతుంది.

మాటలు ఓటును కదిలించడం చూడాలంటే మన జిల్లాలోనే కలిగిరి దగ్గర దూబగుంట ఉంది. 1990ల మొదట్లో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ ఆడవాళ్లు సారా గురించి మాట్లాడుకున్నారు, తర్వాత సారా కొట్లు మూయించారు. ఆ ఊరి కథే వాచకంలో పాఠమై ఊరూరూ తిరిగింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం మాట ఇచ్చిన ఎన్టీఆర్ 216 సీట్లు గెలిచాడు. అయినా దూబగుంటే ప్రభుత్వాన్ని మార్చిందని రాస్తే, నీ కెన్నెడీ పేరా లాంటిదే ఇంకోటి రాసినట్టవుతుంది. అప్పుడు రెండు రూపాయలకే కిలో బియ్యం హామీ ఉంది, రైతులకు చవక కరెంటు హామీ ఉంది. ఇళ్లల్లో, గట్ల మీద కొన్నేళ్లపాటు సాగిన మాట అది, ఒక్క రాత్రిది కాదు. ఆ ఊళ్లకు వెళ్లు. అప్పటి ఆడవాళ్లు కొందరింకా ఉన్నారు. ఓటు ఎప్పుడు, ఎందుకు మారిందో వాళ్లనడుగు, వాళ్ల మాటల్లోనే రాసుకో.

మన దేశంలోనూ ప్రధాని, ముఖ్యమంత్రి అభ్యర్థులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడాలని చివర్లో రాశావు. అది తీసెయ్యకు, నేనూ గట్టిగా కోరుకునేది అదే. దానికి నువ్వు చెప్పిన కారణం మాత్రం మార్చు. ఫలితం తారుమారవుతుందని కాదు. దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు మార్కాపురానికి ఏ ఏడాది వస్తాయని అడిగితే, ఎదుటి పార్టీ నాయకుడు పక్కనే వింటుండగా జవాబు చెప్పాల్సొస్తుంది. ఆక్వా రైతు కరెంటు రేటు సంగతీ అంతే. ఆ జవాబు రికార్డులో ఉంటుంది, అయిదేళ్ల తర్వాత అదే వినిపించి నిలదీయొచ్చు. బహిరంగ సభలో చేతులూపి వెళ్లిపోయే నాయకుణ్ణి అట్టా పట్టుకోలేం. చివరి పేరా ఈ కారణం మీద నిలబెట్టి, ఫోర్డ్ భాగం కొత్తగా రాసి, రెండూ కలిపి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ బాబాయి