మేనకోడలికి ఒక ఉత్తరం: ‘వద్దు’ అనే వీలు

తార్నాక, హైదరాబాద్.

చిరంజీవి అమ్మాయికి అత్తయ్య ఆశీస్సులు.

ఎం.ఏ. ప్రాజెక్టుకు అధికారం, విధేయత అనే అంశాన్ని ఎంచుకున్నావని, మీ జూనియర్ల మీదే చిన్న ప్రయోగం చేయాలనుకుంటున్నావని తెలిసి సంతోషించాను, కొంత భయమూ వేసింది.

1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాల గురించి చెప్పేవారు సాధారణంగా ఒక్క అంకె దగ్గరే ఆగిపోతారు. అవతలి గదిలోని మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా మీట నొక్కి, అంతకంతకూ ఎక్కువ విద్యుత్ షాకు ఇవ్వమని ప్రయోగకర్త ఆదేశించేవాడు. ఆ మనిషి గోడను బాదిన తర్వాత కూడా 40 మందిలో 26 మంది 450 వోల్టుల చివరి మీట దాకా వెళ్లారు. షాకులు నిజమైనవి కావు కానీ, మీటలు నొక్కినవారికి పట్టిన చెమటలు, వణుకు నిజమైనవే. నువ్వు మిగిలిన ఫలితాలు కూడా చదువు. ప్రయోగకర్త గదిలో లేకుండా ఫోనులో ఆదేశించినప్పుడు చివరిదాకా వెళ్లినవారు ఐదుగురిలో ఒకరే. పక్కన కూర్చున్న ఇద్దరు ‘మేం చేయం’ అని లేచినప్పుడు 40 మందిలో నలుగురే. విధేయత మనిషి స్వభావంలో కన్నా, గదిలో ఎవరు ఎక్కడ నిలబడ్డారన్న దానిలోనే ఎక్కువగా ఉందని నేను నమ్ముతాను. రేపు ఆ గదిలో నిలబడేది నువ్వు.

చాలా ఏళ్ల క్రితం, ఒక కాలేజీలో కొత్తగా చేరినప్పుడు, కావాలనే తప్పుడు మార్కులు చెబుతూ విద్యార్థుల చేత జ్ఞాపకశక్తి పరీక్ష రాయించాను. ఎప్పుడైనా లేచి వెళ్లవచ్చని మొదట్లోనే చెప్పాను. మూడోసారి తక్కువ మార్కులు విన్న అమ్మాయి పెన్సిల్ ములికిని కాగితంలోకి నొక్కి విరగగొట్టింది, కళ్లు తుడుచుకుంటూ మళ్లీ చెక్కుకుంది, కానీ లేవలేదు. ఎందుకు లేవలేదని తర్వాత అడిగితే, “మీరు రిజిస్టరు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డారు కదా మేడమ్” అంది. నా చేతిలో ఉన్నది హాజరు పట్టీ. ఆ సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

మనస్తత్వ శాస్త్రవేత్త డయానా బౌమ్‌రిండ్ 1964లోనే మిల్‌గ్రామ్‌ను తప్పుపడుతూ, ప్రయోగశాలకు వచ్చే మనిషి సహజంగానే పరిశోధకుణ్ని నమ్మి అతని మాట వినే స్థితిలో ఉంటాడని వాదించారు. 1971లో స్టాన్‌ఫర్డ్‌లో ఫిలిప్ జింబార్డో విద్యార్థులను ఖైదీలుగా, కాపలావారిగా పెట్టి నడిపిన ఉత్తుత్తి జైలు ప్రయోగంలో స్వయంగా జైలు సూపరింటెండెంటు పాత్ర తీసుకున్నారు, ఆపవలసినవాడే ఆటలో భాగమైపోయాడు. రెండు వారాలనుకున్నది దాన్ని చూసిన పరిశోధకురాలు క్రిస్టీనా మాస్లాక్ గట్టిగా అభ్యంతరం చెప్పాక ఆరు రోజులకు ఆగింది.

అందుకే మీ విభాగంలో ఇంటర్నల్ మార్కులు పడే జూనియర్లను తీసుకోకు. వేరే కాలేజీ నుంచి, నీతో ఏ అవసరమూ లేనివారిని పిలువు. సమ్మతి పత్రం తెలుగులో, వాళ్లు మాట్లాడే మాటల్లో రాయి. మిల్‌గ్రామ్ ప్రయోగాన్నే మళ్లీ చేసి 2009లో ప్రచురించిన జెర్రీ బర్గర్ 150 వోల్టుల దగ్గరే ఆపి కూడా ఉపయోగపడే ఫలితం సాధించారు, నువ్వూ బాధ మొదలయ్యే చోటే ఆపు. ఆపే అధికారం నీకు కాకుండా, ఫలితంతో పనిలేని మరొకరికి అప్పగించు. ప్రయోగం అసలు ఉద్దేశం అదే రోజు, అదే గదిలో, ఎదురుగా కూర్చుని చెప్పు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 నైతిక మార్గదర్శకాల్లో సామాజిక, ప్రవర్తనా పరిశోధనల అధ్యాయం చదివాకే ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టు.

ఆదివారం నీ పత్రం పట్టుకుని ఇంటికి రా. నేను ప్రయోగానికి వచ్చిన మనిషిలా కూర్చుంటాను. సగంలో ‘నాకిక వద్దమ్మా’ అంటాను. అప్పుడు నీ నోటి నుంచి మొదట ఏ మాట వస్తుందో ఇద్దరం కలిసి రాసి పెట్టుకుందాం.

నీ అత్తయ్య