మీటరు గడ్డం దగ్గర పెట్టు

అల్లుడూ,

నువ్వు పంపిన ఆరు ఫొటోలూ కంప్యూటర్లో పెట్టి చూశాను. "మావయ్యా, ఒకటి తెల్లగా వస్తోంది, ఒకటి నల్లగా వస్తోంది, ఫ్లాష్ పాడైందేమో" అన్నావు కదా. ఫ్లాష్‌కి ఏమీ కాలేదు. వెలుతురు మీటరుతో కొలవకుండా ఒక్కో ఫొటోకి ఒక్కో చక్రం తిప్పావు. మొదటిది ఎఫ్ 8, మూడోది 5.6 (ఇది లెన్సు ద్వారం అంకె, అంకె పెరిగితే ద్వారం చిన్నదవుతుంది), ఐదోదానికి ఐఎస్ఓ, అంటే వెలుతురు పట్టే చురుకు, 400. ఫైల్లో అన్నీ రాసే ఉంటాయి, నా దగ్గర దాచలేవు.

నాలుగో దాంట్లో కింద అడ్డంగా నల్ల పట్టీ పడింది, చూశావా? అది షట్టర్ వేగం 1/320 సెకనులో పెట్టినందుకు. నీ కెమెరా 1/200 దాకానే ఫ్లాష్‌ని పట్టుకుంటుంది. అది దాటితే ఫ్లాష్ వెలిగే క్షణానికి షట్టర్ తెర పూర్తిగా తెరుచుకుని ఉండదు. మా పాత ఫిల్మ్ కెమెరా యాషికా మ్యాట్‌కి ఈ బాధ ఉండేది కాదు. దాని షట్టర్ లెన్సులోనే ఉండేది, 1/500లో కూడా ఫ్లాష్ పట్టేది. నువ్వు మాత్రం 1/125 పెట్టేసి ఆ చక్రం ఊసే మర్చిపో. షట్టర్ తిప్పితే ముఖం మీద పడే ఫ్లాష్ వెలుతురు మారదు, గదిలో ట్యూబులైటు వెలుతురు మారుతుంది, అంతే. నమ్మకం లేకపోతే ఫ్లాష్‌ని వెలిగించే ట్రిగ్గర్ తీసేసి 1/125, ఎఫ్ 8, ఐఎస్ఓ 100లో ఒకటి తీసి చూడు. నల్లగా రావాలి. ఏదైనా కనబడిందంటే కిటికీ కర్టెన్ సరిగా వెయ్యలేదన్నమాట.

ఇక అసలు సంగతి. నువ్వు కెమెరా వెనక తెర చూసి పవర్ తిప్పుతున్నావు. చీకటి గదిలో ఆ తెర ఎప్పుడూ వెలిగిపోతూనే కనిపిస్తుంది, డల్‌గా ఉన్న ఫొటో కూడా బాగున్నట్టే ఉంటుంది. పోనీ ఆటోమేటిక్‌లో వదిలేద్దామంటావా, అదీ చేసి దెబ్బతిన్నాను. డిజిటల్ కెమెరా కొన్న కొత్తలో ఒక పెళ్ళికూతురిని మధుపర్కాలతో కూర్చోబెట్టి తీశాను. తెల్లచీర, ఎర్రంచు. కెమెరాకి పెళ్ళీ తెలీదు, చీరా తెలీదు. ఎదురుగా ఉన్నదంతా మధ్యరకం బూడిద రంగే అనుకుంటుంది. అంత తెలుపు చూసేసరికి బెదిరి ఫ్లాష్ తగ్గించేసింది. చీర మాసిన పంచెలా వచ్చింది, పిల్ల ముఖం వాడిపోయింది. వాళ్ళమ్మ ఆల్బమ్ తిరగేసి, "ఆరోజు మా అమ్మాయికి జ్వరంగానీ వచ్చిందాండీ?" అంది. అదే నల్లకోటు వేసుకున్న ప్లీడరుగారు కూర్చుంటే కెమెరా ఎదురు తిరిగి ఫ్లాష్ ఎక్కువ కొడుతుంది, ఆయన ముఖం పిండి పూసినట్టు వస్తుంది.

చేతి మీటరుకి చీరతోనూ కోటుతోనూ పనిలేదు. మనిషి మీద పడే వెలుతురునే కొలుస్తుంది. నా పాత సెకోనిక్ మీటరు నీకే ఇస్తున్నాను. దానిమీద పింగ్‌పాంగ్ బంతిలో సగం ముక్కలాంటి తెల్లగుండు ఉంటుంది. దాన్ని కూర్చున్నవాళ్ళ గడ్డం కింద, చర్మానికి అంగుళం దూరంలో పట్టుకో. నీ చెయ్యి నీడగానీ భుజం నీడగానీ గుండు మీద పడకూడదు. కొత్తలో అందరం ఇక్కడే తప్పుతాం. నువ్వు పక్కకి ఒదిగి, చెయ్యి మాత్రం చాపాలి.

ముందు మెయిన్ లైటు ఒక్కటే వెలిగించు. మీటర్లో ఐఎస్ఓ 100, 1/125 పెట్టి, గుండు లైటు వైపు తిప్పి ఫ్లాష్ కొట్టు. ఆ వెలుతురుకి కెమెరాలో పెట్టాల్సిన ఎఫ్ అంకె చూపిస్తుంది. 5.6 చూపించిందనుకో, మనకి 8 కావాలి, పవర్ సగంలో ఉంటే ఫుల్‌కి పెంచు. 8 పక్కన చిన్న అంకె 3 కనబడితే స్టాప్‌లో (వెలుతురు రెట్టింపైతే ఒక స్టాప్) పదింట మూడు వంతులు ఎక్కువని అర్థం, లైటుని కొద్దిగా వెనక్కి జరుపు. ఎఫ్ 8 దగ్గర ఉండిపోవడం నాకు అలవాటు, లైట్లనే దానికి తెచ్చుకుంటాను. అప్పుడు పొద్దుట తీసిన ఫొటో, సాయంత్రం తీసిన ఫొటో పక్కపక్కన పెట్టినా తేడా తెలీదు.

తర్వాత దాన్ని ఆపి, నీడల్ని తేలిక చేసే ఫిల్ లైటు ఒక్కటే కొలువు. పిల్లలకీ ఆడవాళ్ళకీ 5.6 పెడతాను. ముఖంలో గీతలు కనబడాల్సిన పెద్దాయనైతే 4. చివరికి రెండూ వెలిగించి, గుండు కెమెరా వైపు తిప్పి ఇంకోసారి కొలువు. 8 కంటే కొంచెం పైన చూపిస్తుంది, ఆ అంకె కెమెరాలో పెట్టుకో. వెనక తెల్లగోడ కావాలంటే అక్కడ మీటరు ఎఫ్ 11 చూపిస్తే చాలు. 16 కొట్టావంటే ఆ వెలుతురు తిరిగొచ్చి చెంపల అంచులు తినేస్తుంది.

పవర్ తగ్గించినప్పుడల్లా టెస్ట్ బటన్ ఒకసారి నొక్కు. నీ దగ్గరున్న పాతరకం లైట్లలో లోపల నిండిన కరెంటు అలాగే ఉండిపోతుంది, మొదటి ఫొటో తెల్లబోతుంది. లైటు మళ్ళీ నిండిందని చెప్పే కుయ్ మనే కూత వినబడకుండా ఇంకోటి తీస్తే నల్లబోతుంది. సాయంత్రం వోల్టేజి తక్కువుంటే ఆ కూత ఆలస్యమవుతుంది, కంగారుపడకు.

మిగతా తేడా కుర్చీది. లైటు నాలుగడుగుల్లో ఉన్నప్పుడు మనిషి అరడుగు వెనక్కి వాలినా దాదాపు మూడోవంతు స్టాప్ పోతుంది. నేను లైటుకి తొడిగే గుడ్డ డబ్బా, అదే సాఫ్ట్‌బాక్స్, అంచుకి నాలుగడుగుల పురికొస కట్టి ఉంచుతాను. కొస గడ్డానికి తగిలితే దూరం సరిగ్గా ఉన్నట్టే. కస్టమర్లు నవ్వుతారు, నవ్వనీ, అప్పుడే ఒకటి తీసెయ్.

తీశాక, వెలుతురు మరీ ఎక్కువైన చోటు తెర మీద నల్లగా మిణుక్కుమంటుంది. ముక్కుపుడక మెరుపు అలా మిణుక్కుమంటే వదిలెయ్. నుదురు మిణుక్కుమంటే మాత్రం లైటు జోలికి పోకముందు టిష్యూ ఇచ్చి చెమట తుడుచుకోమను.

ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. మీటరుకి పెన్సిల్ సెల్లు ఒకటి కొని ఉంచు. బావగారిని కూర్చోబెట్టి తీద్దాం, తెల్లచొక్కా వేసుకోమని చెప్పు.

మీ మావయ్య