మ్యూజ్‌స్కోర్‌లో డైనమిక్స్ అన్నీ ఒక మెట్టు తగ్గించాలంటే: మెల్లటి గుర్తు నుంచి మొదలుపెట్టండి

మీరడిగింది ఇదే కదా, 4 పార్టుల క్వయర్ స్కోరు, 120 బార్లు, అందులో డైనమిక్స్ (ఎంత గట్టిగా, ఎంత మెల్లగా పాడాలో చెప్పే గుర్తులు; మెల్లటి నుంచి గట్టికి వరుస పిపి, పి, ఎంపి, ఎంఎఫ్, ఎఫ్, ఎఫ్‌ఎఫ్) అన్నీ ఒక మెట్టు తగ్గించాలి, అంటే ఎఫ్ ఉన్నచోట ఎంఎఫ్, ఎంఎఫ్ ఉన్నచోట ఎంపి రావాలి, ఒక్కోదాన్నీ క్లిక్ చేసి మార్చకుండా స్కోర్లు టైప్ చేసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ 4లో ఒకేసారి అయ్యే దారుందా అని. ఉందండీ. గుంటూరులో మా చర్చి క్వయర్‌కి చాలా ఏళ్లుగా స్కోర్లు నేనే టైప్ చేస్తున్నా, ఈ పని ఎన్నోసార్లు చేశా, ఒకసారి మొత్తం పాడుచేసుకున్నా కూడా, అందుకే కాస్త వివరంగా చెప్తా.

ముందు ఫైల్‌ని వేరే పేరుతో సేవ్ చేసుకోండి. తర్వాత స్కోర్‌లో ఏదో ఒక ఎఫ్ మీద రైట్ క్లిక్ కొట్టి సెలెక్ట్‌లోకి వెళ్లి మోర్ నొక్కితే చిన్న విండో వస్తుంది, అందులో సేమ్ సబ్‌టైప్ టిక్ పెట్టి ఓకే అంటే స్కోరంతటా ఉన్న ఎఫ్‌లు మాత్రమే సెలెక్ట్ అవుతాయి. పైనే కనిపించే ఆల్ సిమిలర్ ఎలిమెంట్స్ నొక్కితే మాత్రం పి, ఎంపి అని తేడా లేకుండా డైనమిక్స్ అన్నీ వచ్చేస్తాయి, అది మనకొద్దు. టెనర్ పార్టు ఒక్కటే తగ్గించాలంటే సేమ్ స్టాఫ్ కూడా టిక్ పెట్టండి. అలా సెలెక్ట్ అయి ఉండగానే ఎడమ పక్క ప్యాలెట్‌లో డైనమిక్స్ తెరిచి ఎంఎఫ్ మీద ఒక్క క్లిక్, అన్నీ మారిపోతాయి. పార్టులు విడిగా తీసి ఉంటే వాటిల్లో కూడా అవే మారతాయి, మళ్లీ చేయక్కర్లేదు.

ఇక అసలు సంగతి, ఏది ముందు మార్చాలన్నది. ఒక క్రిస్మస్‌కి నేను పై నుంచి, అంటే గట్టి గుర్తుల నుంచి మొదలుపెట్టా. ఎఫ్‌ఎఫ్‌లన్నీ ఎఫ్ చేశా, తర్వాత ఎఫ్‌లన్నీ సెలెక్ట్ చేసి ఎంఎఫ్ చేశా, అప్పుడే ఎఫ్ అయిన పాత ఎఫ్‌ఎఫ్‌లు కూడా వాటితో పాటే ఎంఎఫ్‌లోకి వచ్చేశాయి, ఆ తర్వాత ఎంఎఫ్‌లు ఎంపి చేసేసరికి గట్టిగా పాడాల్సినవీ మామూలుగా పాడాల్సినవీ అన్నీ కలిసిపోయాయి. చివరికి స్కోరంతా ఒకటే గుర్తు. నేను చూసుకోకుండా ప్రింట్ తీసి 28 మందికీ పంచా, ప్రాక్టీసులో ఆఖరి చరణం దగ్గర సొప్రానోలు (పై గొంతు వాళ్లు) ఎత్తైన జి స్వరాన్ని మెల్లగా పాడుతుంటే అప్పుడు అర్థమైంది. ఆ పాటలో గొంతు విప్పాల్సిన చోటు అదొక్కటే. నాకు నిజంగా ఏడుపొచ్చింది, ఎందుకంటే వాళ్లు పేపర్ మీద ఉన్నది ఉన్నట్టు చక్కగానే పాడారు.

కాబట్టి తగ్గించాలంటే అన్నిటికన్నా మెల్లటి గుర్తుతో మొదలుపెట్టాలి. ముందు పి ని పిపి చేయండి, తర్వాత ఎంపి ని పి, ఆ తర్వాత ఎంఎఫ్ ని ఎంపి, ఎఫ్ ని ఎంఎఫ్, చివర్లో ఎఫ్‌ఎఫ్ ని ఎఫ్. ఇలా చేస్తే ఏ మెట్టూ ఇంకోదానితో కలవదు. పెంచాలంటే దీనికి తిరగేసి, గట్టి గుర్తు నుంచి. స్కోర్‌లో ముందే పిపి ఉంటే దాన్ని పిపిపి చేస్తారా వదిలేస్తారా అనేది మొదలుపెట్టకముందే తేల్చుకోండి, మా వాళ్లకైతే పిపిపి రాసి లాభం లేదు, వదిలేస్తా.

ఒక్క ఎఫ్‌లే మార్చి ఆపేద్దాం అనుకుంటే మాత్రం హెయిర్‌పిన్‌లు (సౌండ్ క్రమంగా పెంచాలో తగ్గించాలో చూపే గీతలు) చూసుకోవాలి. మా స్కోర్‌లో 41వ బార్‌లో ఆల్టో పార్టుకి ఎంఎఫ్, దాని తర్వాత క్రెషెండో (క్రమంగా పెంచమనే హెయిర్‌పిన్), చివర ఎఫ్ ఉండేది. ఎఫ్ మారగానే అది ఎంఎఫ్ నుంచి ఎంఎఫ్‌కి క్రెషెండో అయిపోయింది, "పెంచాలా వద్దా అన్నా" అని పిల్లలు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. హెయిర్‌పిన్ ఉన్న ప్రతిచోటా రెండు చివర్లూ కళ్లతో చూడండి, దీనికి షార్ట్‌కట్ లేదు.

ఇంకో మాట, మీకు కంప్యూటర్‌లో ప్లే చేసినప్పుడు సౌండ్ ఎక్కువగా ఉండటమే ఇబ్బంది అయితే గుర్తుల జోలికి వెళ్లొద్దు. మ్యూజ్‌స్కోర్ ఒక్కో గుర్తునీ ఎంత సౌండ్‌తో మోగించాలో తనలో అంకెలు పెట్టుకుని ఉంటుంది. ఆ అంకెలు మెషీన్‌కి, గుర్తులు పాడేవాళ్లకి. పియానో గొంతుల్ని మింగేస్తుంటే కీబోర్డ్‌లో ఎఫ్10 కీ నొక్కి మిక్సర్‌లో పియానో తగ్గించండి, చాలు. నేను మొదట్లో ఇది తెలియక స్పీకర్‌లో విన్నదాన్ని బట్టి పేపర్ మీద గుర్తులు మార్చేవాణ్ణి, హాల్లో పాడిస్తే అసలు వినపడేది కాదు.

మీ ఫైల్ ఫినాలే (ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్) నుంచి మ్యూజిక్ఎక్స్ఎంఎల్‌గా (ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి స్కోరు తెచ్చుకునే ఫైల్ రకం) వచ్చిందన్నారు కదా (2024 ఆగస్టులో ఫినాలే ఆపేస్తున్నామని ప్రకటించాక నేనూ పాత స్కోర్లన్నీ అలాగే తెచ్చుకున్నా). అలా వచ్చినప్పుడు కొన్ని గుర్తులు డైనమిక్స్‌గా కాకుండా ఉత్త టెక్స్ట్‌గా దిగుతాయి, చూడ్డానికి ఎఫ్ లాగే ఉంటాయి గానీ పైన చెప్పిన సెలెక్షన్‌లో పడవు. సెలెక్ట్ చేశాక స్కోర్ మొత్తం ఒకసారి కిందిదాకా స్క్రోల్ చేయండి, రంగు మారకుండా మిగిలిపోయినవి ఉంటే వాటిని డిలీట్ చేసి ప్యాలెట్ నుంచి అసలు గుర్తు పెట్టి అప్పుడు మొదలుపెట్టండి.