మాటకారి కానివాళ్లు లీడర్లు కాలేరా?

ప్రశ్న: మాది మందమర్రి. హనుమకొండలో ఎంబీఏ హెచ్ఆర్ రెండో ఏడాది చదువుతున్నాను. 'సంస్థల్లో ట్రాన్స్‌ఫర్మేషనల్ లీడర్‌షిప్' మీద ప్రాజెక్టు చేయాలి. నాన్న సింగరేణిలో మైనింగ్ సర్దార్. 'గనిలో ఆర్డర్ ఇస్తేనే పని నడుస్తది, ఇవన్నీ పుస్తకాల ముచ్చట్లు' అంటారు. నాకేమో పదిమందిలో మాట్లాడాలంటే టెన్షన్. ఈ సబ్జెక్టు, హెచ్ఆర్ ఉద్యోగం నాలాంటి వాళ్లకు సరిపోతాయా?

జవాబు: సరిపోతాయమ్మా. ముందు నాన్నగారి మాట సంగతి చూద్దాం. అందులో సగం నిజం, ఆ సగాన్ని ప్రాజెక్టులో తప్పకుండా రాయండి. పనిచోటికి ముందుగా వెళ్లి గ్యాస్ ఉందేమో చూడటం, పైకప్పు తట్టి చూడటం, బాగాలేని చోటికి ఎవరినీ పోనివ్వకపోవడం సర్దార్ బాధ్యత. అక్కడ చర్చలుండవు, నియమమే నియమం.

నాయకత్వంలో రెండు తీరులున్నాయని 1978లో అమెరికన్ రాజనీతి పండితుడు జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ విడదీసి చెప్పారు. 'ఇది చేస్తే ఇది ఇస్తా' అనే లెక్క ఒకటి, దాన్ని ట్రాన్సాక్షనల్ అంటారు. మనుషుల ఆలోచనను, ఆశయాన్ని పెంచేది రెండోది, అదే మీ ట్రాన్స్‌ఫర్మేషనల్. బర్న్స్ చూపు ఎక్కువగా రాజకీయాల మీద ఉండేది. 1985లో మేనేజ్‌మెంట్ పండితుడు బెర్నార్డ్ బాస్ దాన్ని సంస్థలకు వర్తింపజేశారు. ఆయన చెప్పినదాంట్లో విద్యార్థులు తరచూ వదిలేసే ముక్క ఒకటుంది: రెండోది మొదటిదానికి బదులు రాదు, దాని మీదే నిలబడుతుంది. జీతాలు టైముకు పడని చోట, డ్యూటీలు పక్షపాతంగా వేసే చోట ఎంత గొప్పగా మాట్లాడినా ఎవరి చెవికీ ఎక్కదు.

ఇక మిగతా సగం. కొత్తగా వచ్చిన బదిలీ వర్కర్ (ఇంకా పర్మినెంట్ కాని కార్మికుడు) సర్దార్‌తో 'సార్, ఈడ కప్పు సప్పుడు వేరే వస్తుంది' అన్నాడనుకోండి. 'నీకేం తెలుసు, నీ పని చూస్కో' అంటే ఆ పిల్లాడు ఇంకోసారి నోరు తెరవడు. గనిలో అది ప్రాణాల మీదికి తెచ్చే మౌనం. అదే 'ఏదీ, ఎక్కడ?' అని వాడితో వెళ్లి, తానూ తట్టి చూసి, బోలుగా వినిపిస్తే దానర్థమేమిటో అక్కడే చెబితే? రేపటి నుంచి వాడు అడక్కుండానే చూస్తాడు, చూసింది చెబుతాడు. ట్రాన్స్‌ఫర్మేషనల్ లీడర్‌కు బెర్నార్డ్ బాస్ చెప్పిన నాలుగు లక్షణాలు ఇవి: ఆదర్శంగా నిలవడం, స్ఫూర్తినివ్వడం, ఆలోచింపజేయడం, ఒక్కొక్కరినీ విడిగా పట్టించుకోవడం. చివరి రెండూ ఈ చిన్న సంఘటనలోనే ఉన్నాయి. ఇందులో మైకు ఎక్కడుంది చెప్పండి? ఆ పని మీ నాన్న ఏళ్లుగా చేస్తూనే ఉండవచ్చు. 'కొత్తోళ్లకు పనెట్ల నేర్పుతరు నాన్నా?' అని ఒకసారి అడిగి చూడండి.

అందుకే మీ బెరుకు అడ్డంకి అని నేననుకోను. హెచ్ఆర్‌లో ఫిర్యాదు వినడం, ఎదుటివాళ్లు చెప్పలేకపోతున్నది పట్టుకోవడం పెద్ద పని. దానికి ఓపిక కావాలి. అలాగని మాట్లాడటం పూర్తిగా తప్పించుకోలేరు. కొత్తవాళ్లకు ఇండక్షన్ (సంస్థను పరిచయం చేయడం), ట్రైనింగ్ క్లాసులు మీరే చెప్పాల్సి వస్తుంది. ఇప్పటి నుంచే ముగ్గురు నలుగురు స్నేహితుల ముందు ఐదేసి నిమిషాలు మాట్లాడటం అలవాటు చేసుకోండి.

ప్రాజెక్టుకు చాలామంది వాడేది బెర్నార్డ్ బాస్, ఆయనతో పనిచేసిన పరిశోధకుడు బ్రూస్ అవోలియో పేర్లతో ఉన్న ఎమ్ఎల్‌క్యూ (మల్టీఫ్యాక్టర్ లీడర్‌షిప్ క్వశ్చనీర్) అనే ప్రశ్నావళి. 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు. దానికి కాపీరైట్ ఉంది, అనుమతి కొనుక్కోవాలి. నెట్‌లో దొరికిన కాపీ వాడకండి, గైడ్‌తో మాట్లాడండి. ఇంకో ముఖ్యమైన మాట: మేనేజర్లను మాత్రమే అడిగి వదిలేయకండి. తన గురించి తాను వేసుకునే మార్కులకూ, కింద పనిచేసేవాళ్లు వేసే మార్కులకూ మధ్య తేడాలోనే మీకు అసలు విషయం దొరుకుతుంది.

సింగరేణిలో అనుమతి ఆలస్యమైతే ముల్కనూర్ వెళ్లండి, హనుమకొండ జిల్లాలోనే ఉంది. ఎ.కె. విశ్వనాథరెడ్డి 1956లో మొదలుపెట్టిన సహకార సంఘం అక్కడుంది. రైతుకు అప్పు, ఎరువులు, పంట కొనుగోలు అన్నీ ఒకే గొడుగు కింద. అదే ఊళ్లో ఆడవాళ్లు నడిపే పాల డెయిరీ 'స్వకృషి' కూడా ఉంది. మొదలుపెట్టిన తరం తర్వాత కూడా సంఘం ఎలా నిలబడింది, బాధ్యత ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి ఎలా వెళ్లింది అని అడగండి. నా దృష్టిలో ఈ సబ్జెక్టులో అంతకంటే మంచి ప్రశ్న లేదు.

ఉద్యోగం విషయానికొస్తే, మొదటి రోజే లీడర్ పోస్టు ఎవరూ ఇవ్వరు. రిక్రూటర్‌గానో, హెచ్ఆర్ ఎగ్జిక్యూటివ్‌గానో చేరతారు. హాజరు, పేరోల్, పీఎఫ్, ఈఎస్ఐ చూడాలి. కాబట్టి ఎక్సెల్, కార్మిక చట్టాలు గట్టిగా నేర్చుకోండి. సింగరేణి కూడా పర్సనల్ విభాగంలో మేనేజ్‌మెంట్ ట్రైనీలను తీసుకుంటుంది. నోటిఫికేషన్ పడినప్పుడు మీ స్పెషలైజేషన్, మార్కుల శాతం సరిపోతాయో లేదో ముందే చూసుకుని, రాతపరీక్షకు చదవడం ఈ ఏడాదే మొదలుపెట్టండి.