రైబోజోము కదులుతుందా, జరుగుతుందా?

సందేహం: తిరుపతిలో డిగ్రీ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. "ప్రోటీన్ తయారయ్యేటప్పుడు రైబోజోములో కదలిక జరుగుతుంది, రూపాంతరం జరుగుతుంది" అని నోట్సు రాయించాను. ఒకమ్మాయి లేచి "కదలిక జరగడమేంది సార్, రెండూ ఒకటే కదా?" అంది. ఆమె అన్నది సరైనదేనా?

సమాధానం: రెండూ ఒకటి కావు. కానీ ఆ వాక్యం ఆమె చెవికి అడ్డం తగలడం మాత్రం న్యాయమే.

కదలడానికి చోటు మారనక్కరలేదు. ఊడబోయే పాలపన్ను కదులుతుంది, గాలికి కొమ్మ కదులుతుంది. జరగడమంటే చోటు మారడం. బస్సులో "రవంత జరగన్నా" అంటే మనకు కావలసింది ఆయన కూర్చున్న చోటు. కొండమీద శ్రీవారి ఎదుట "జరగండి, జరగండి" అనేదీ అందుకే. చేతులు జోడించి మైమరచి ఊగుతున్న భక్తుడు కదులుతూనే ఉన్నాడు, జరగడం లేదు. తెలుగు రాని యాత్రికులకు కూడా ఆ మాట అర్థమైపోతుంది.

రైబోజోము అంటే కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం. అది ఈ రెండు పనులూ చేస్తుంది. అందులో పెద్ద ఉపప్రమాణం, చిన్న ఉపప్రమాణం అని రెండు భాగాలు. బాక్టీరియాలో చూస్తే, తయారవుతున్న ప్రోటీన్ గొలుసుకు ఒక అమైనో ఆమ్లం చేరాక చిన్న భాగం పెద్దదాని మీద సుమారు 6 డిగ్రీలు పక్కకు తిరిగి, మళ్లీ వెనక్కి వస్తుంది. చిన్న భాగం పైకొసను శాస్త్రజ్ఞులు 'తల' అనే పిలుస్తారు. అదీ ఇంచుమించు 20 డిగ్రీల దాకా తిరుగుతుంది. ఇవి కదలికలు. వీటి ఫలితంగా రైబోజోము, ప్రోటీన్ తయారీకి పాఠంలా పనికొచ్చే సందేశ ఆర్‌ఎన్‌ఏ వెంబడి సరిగ్గా మూడక్షరాలు, అంటే ఒక కోడాన్, ముందుకు పోతుంది. ఇది జరగడం. రెండో నాలుగో అక్షరాలు జరిగిందా, అక్కడినుంచి పాఠమంతా తప్పే.

జరుగు అనే మాటకు 'సంభవించు' అనే అర్థమూ ఉంది: పెళ్లి జరిగింది, జాతర జరిగింది. ఆ వాడుక చక్కనిదే. అయితే దాన్ని పట్టుకుని కదలిక జరుగుతుంది, మార్పు జరుగుతుంది, తయారీ జరుగుతుంది అని రాస్తూ పోవడం మన పాఠాలకు పట్టిన పీడ. కదులుతుంది, మారుతుంది, తయారవుతుంది అని నోరారా అనగలిగిన భాషకు ఆ ఊతకర్ర ఎందుకు?

ఇక రూపాంతరం. గొంగళిపురుగు సీతాకోకచిలుక కావడానికి అది తగిన మాట. రైబోజోము మరొకటిగా మారిపోవడం లేదు, అవయవాల పొందిక మార్చుకుంటోంది. నేనైతే 'భంగిమ' అంటాను. వంపు అన్నదే దాని మూలార్థం. రైబోజోము నిర్మాణాన్ని విప్పి చెప్పినందుకు 2009లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరైన వెంకట్రామన్ రామకృష్ణన్ పుట్టిన ఊరు చిదంబరం. అక్కడి నటరాజ ఆలయ గోపురాల మీద 108 నాట్య కరణాలు చెక్కి ఉన్నాయి. రాతిలో నిలిచిన ఒక్కో భంగిమను చూసి మనం నాట్యాన్ని ఊహించుకుంటాం. స్ఫటికాల్లో పట్టుకున్న రైబోజోము చిత్రాలూ అలాంటివే. నిలిచిన భంగిమలను వరుసగా పేర్చుకుని, మధ్యలోని కదలికను ఊహించాలి.

కాబట్టి పాత వాక్యం కొట్టేయించి ఇలా రాయించండి: "ప్రోటీన్ తయారయ్యేటప్పుడు రైబోజోము భాగాలు కదులుతాయి, దాని భంగిమ మారుతుంది, సందేశ ఆర్‌ఎన్‌ఏ వెంబడి అది మూడేసి అక్షరాలు ముందుకు జరుగుతుంది." మొదట ఆ అమ్మాయి చేతే చదివించండి.