డ్రెస్ మార్చుకునే గదిలో కెమెరా: సంతకం పెట్టినా ఫిర్యాదు చేయవచ్చా?

ప్రశ్న: నెల్లూరు జిల్లాలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో గ్రేడింగ్ పని చేస్తున్నాను. మేం బట్టలు మార్చుకుని ఏప్రాన్, గమ్‌బూట్లు వేసుకునే ఆడవాళ్ల గదిలో నెల కిందట కెమెరా బిగించారు. సరుకు దొంగతనంగా బయటికి పోతోందట. అడిగితే ‘తలుపు మాత్రమే కనపడుతుంది, చేరినప్పుడు కెమెరాలకు సంతకం పెట్టారుగా’ అంటున్నారు. ఏం చేయగలం?

జవాబు: అమ్మా, గేటు దగ్గర, కోల్డ్ స్టోరేజీ తలుపు దగ్గర, గ్రేడింగ్ హాల్లో కెమెరా పెడితే తప్పుపట్టలేం. సరుకు కాపాడుకునే హక్కు యజమానికి ఉంది. ఆ హక్కు బట్టలు మార్చుకునే గది గడప దాటదు. మీరు పెట్టిన సంతకం పనిచేసే చోటికే వర్తిస్తుంది.

ఎవరూ చూడరనే నమ్మకంతో మహిళ బట్టలు మార్చుకుంటుంటే చూడడం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం. మొదటిసారికి 1 నుంచి 3 ఏళ్ల జైలు, జరిమానా. ఐటీ చట్టం 66ఇ కింద 3 ఏళ్ల వరకు జైలు గానీ, 2 లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. అయితే నిజంగానే తలుపు ఒక్కటే పడుతుంటే ఈ సెక్షన్లు నిలబడడం కష్టం. ఏం రికార్డయిందో ఫుటేజీయే తేల్చాలి.

అది ఎన్నాళ్లో ఉండదు. 8 కెమెరాలు సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే 1 టీబీ డిస్క్ 6 రోజుల్లో నిండిపోతుంది, పాతది చెరిగిపోతూ ఉంటుంది. కాబట్టి యాజమాన్యానికి ఫిర్యాదు ఈరోజే, తేదీతో, రాతపూర్వకంగా ఇవ్వండి. ‘ఫుటేజీ చెరపకూడదు, కెమెరా తీసేయాలి’ అని స్పష్టంగా రాసి, కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. గదిలో కెమెరా ఉన్న చోటు, అది తిరిగి ఉన్న దిక్కు ఎవరూ లేనప్పుడు ఫోటో తీసుకోండి. డిస్క్‌ను మాత్రం మీరు ముట్టుకోవద్దు. ఫుటేజీ కాపీ కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం రికార్డర్ బాధ్యుడు, నిపుణుడు సంతకం చేసిన సర్టిఫికెట్ కావాలి. ఆ డిస్క్‌ను పోలీసులే స్వాధీనం చేసుకోవడం మంచిది.

ఈ ఫిర్యాదు ప్లాంట్‌లో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీకి కూడా ఇవ్వండి. 10 మంది, ఆపైన పనిచేసే చోట ఆ కమిటీ తప్పనిసరి, ఘటన జరిగిన 3 నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. పోలీసు ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి.

ఫిర్యాదులో ఇంకొకటి అడగండి: ఈ కెమెరాలు ఎవరెవరి ఫోన్లలో కనపడుతున్నాయి? బిగించిన మనిషి ఫోన్లో, పని మానేసిన సూపర్‌వైజర్ ఫోన్లో యాప్ అలాగే ఉండిపోవడం మామూలే. పాస్‌వర్డ్ మార్చి, ఆ ఖాతాలన్నీ తీసేయించాలి. దొంగతనమే యజమాని భయమైతే గది బయట వరండాలో కెమెరా, గేటు దగ్గర సంచులు చూసే మహిళా సెక్యూరిటీ గార్డు చాలు.